అల్లుడుగారి ప్రోనోటు

శరభయ్యగారు అప్పు చెయ్యని ఏడాది లేదు. ఈ మాట ఆయన్ని చిన్నబుచ్చడానికి అనడం లేదు, ఆయనే నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేవారు. ఐనవిల్లి నుంచి అమలాపురం వెళ్ళి, త్రిమూర్తులు బట్టల కొట్లో పరుపు మీద తీరిగ్గా కూర్చుని, కావలసిన పంచెలూ చీరలూ ఏరుకుని, మూట చంకన పెట్టుకుని, "రాసుకోవయ్యా" అని లేచి వచ్చేసేవారు. "ఆయ్, అలాగేనండి" అనేవాడు త్రిమూర్తులు. కొబ్బరి దింపు అయి, కాయ అమ్ముడుపోయాక ఎంతో కొంత పంపేవారు. ఒక ఏడాది కొబ్బరికి మంచి ధర పలికిందని బాకీ మొత్తం పైసలతో సహా కట్టెయ్యబోతే త్రిమూర్తులు బెంబేలెత్తిపోయాడు. "మావల్ల ఏదైనా తప్పు జరిగిందాండీ? ఇంకో కొట్టుకి మారిపోతన్నారాండీ?" అని ఒకటే గోల. కొంత బాకీ ఉంచుకుంటానని శరభయ్యగారు మాటిచ్చాక గానీ అతని మనసు కుదుటపడలేదు.

సంతకం సంగతి వేరు. సంతకం అడిగేది మాట నిలవదనుకున్న మనిషిని. ప్రోనోటు రాయించి, రెవిన్యూ బిళ్ళ అంటించి, దానిమీద సంతకం పెట్టించుకున్నారంటే ఆ ఇంటి పరువుకి అక్కడితో సరి. ఊళ్ళో ఫలానావారు నోటు రాసిచ్చారని తెలిస్తే, వాళ్ళ వీధి గుమ్మం దాటేటప్పుడు జనం గొంతు తగ్గించేవారు. అప్పుకి సిగ్గుపడకుండా సంతకానికి సిగ్గుపడడమేమిటని పట్నం వాళ్ళు నవ్వితే నవ్వుకోవచ్చు. వాళ్ళ సిగ్గులు ఎక్కడెక్కడ ఉంటాయో మనకి మాత్రం తెలుసా ఏమిటి.

శరభయ్యగారు పుట్టిన అక్షయ నామ సంవత్సరం తిరిగి వచ్చింది. వైశాఖంలో షష్టిపూర్తి. ఒక్కగానొక్క కూతురు ఇందిర, అల్లుడు రామమూర్తి వారం ముందే హైదరాబాదు నుంచి దిగారు. రామమూర్తి మందుల కంపెనీలో ఆఫీసరు. విజయవాడ వైపు వాళ్ళు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. నెమ్మదస్తుడు, చెయ్యి కాస్త ధారాళం. పీటల మీద కూర్చునే అత్తమామలకి బట్టలు పెట్టాల్సింది కూతురూ అల్లుడే కనుక, "మంచి కంచిపట్టు తీసుకుందాం, రాజమండ్రి వెళ్దాం రండి మావయ్యగారూ" అని బయల్దేరదీశాడు. త్రిమూర్తులు ఏమనుకుంటాడో అని శరభయ్యగారు నసిగారు గానీ, అల్లుడు ముచ్చటపడుతుంటే కాదనలేకపోయారు.

రాజమండ్రిలో ఆ కొట్టు అద్దాల తలుపులతో మిలమిల మెరిసిపోతోంది. అత్తగారు బాలసరస్వతమ్మగారికి మిరపపండు రంగు చీర, శరభయ్యగారికి పెద్ద జరీ అంచు పంచెల చాపు తీశారు. బిల్లు రెండు వేలకి కాస్త తక్కువ. రామమూర్తి జేబులోంచి డబ్బు తియ్యలేదు. చీట్లపేక ముక్కంత అట్ట ఒకటి తీసి ఇచ్చాడు. బల్ల దగ్గరి గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సొరుగులోంచి పల్చటి పుస్తకం ఒకటి తీసి, అందులో అంకెల వెంట వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు.

"అదేవిటండీ?" అని పక్కనున్న ఎవరో ఆసామీ అడిగాడు.

"డబ్బు కట్టకుండా ఎగ్గొట్టినోళ్ళ నంబర్లండి. ఇందులో లేకపోతేనే సరుకిత్తాం" అన్నాడు గుమస్తా, ముఖంలో ఏ భావమూ లేకుండా.

శరభయ్యగారికి తల కొట్టేసినట్టయింది. పదిమందిలో తన అల్లుణ్ణి నిలబెట్టి ఎగవేతదారుల్లో వెతుకుతున్నారు! రామమూర్తి మాత్రం ఏమీ పట్టనట్టు ఫ్యాను కింద నిలబడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. గుమస్తా ఆ అట్టని ఇనుప పళ్ళెం లాంటి దాంట్లో పెట్టి, పైన కార్బను కాగితాలు పరిచి, పిడి పట్టుకుని గర్రుమని ఆ చివరి నుంచి ఈ చివరికి లాగాడు. "సంతకం చెయ్యండి సార్" అన్నాడు. రామమూర్తి నిలబడే గీకేశాడు. అంతటితో అయిందా? ఆ సంతకాన్ని అట్ట వెనకాల ఉన్న సంతకంతో పోల్చి చూసి మరీ మూట చేతికిచ్చాడు.

బస్సులో శరభయ్యగారు ఆ మూటని ఒళ్ళో పెట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అల్లుడు నా షష్టిపూర్తికి నోటు రాసిచ్చాడు, అదీ కార్బను పెట్టి ఒకటికి మూడు, అన్నదొక్కటే ఆయన బుర్రలో తిరుగుతోంది. పోనీ ఇదేమిటని అడుగుదామా అంటే, అల్లుణ్ణి డబ్బు సంగతి అడగడం ఆ ఇంటా వంటా లేదు. అల్లుడు వస్తే ఆరోగ్యం అడుగుతారు, ప్రయాణం అడుగుతారు, కూర ఇంకాస్త వేసుకోమంటారు. అంతవరకే.

మర్నాడు పెరట్లో ఆవకాయ ముక్కలు ఆరబోస్తున్న భార్య దగ్గర కూర్చుని సంగతంతా చెప్పారు.

"ఉండండి, నేను ఇందిరని తెలివిగా కదుపుతాను" అంది బాలసరస్వతమ్మగారు. ఆవిడ తెలివి ఎంతవరకు పనిచేసిందంటే, కాసేపటికి మరీ కంగారుపడుతూ వచ్చింది. "ఏవండీ, అది కార్డుట. అది ఉంటే డబ్బుతో పనే లేదుట. హైదరాబాదులో ఏం కొన్నా అంతేనుట. ఊరికే సంతకం పెట్టేసి తెచ్చేసుకుంటారుట!"

"కొన్నదానికల్లా సంతకవేనా?" అన్నారు శరభయ్యగారు. "అందుకేనన్నమాట, వచ్చినప్పుడల్లా అతను చేతికి ఎముక లేనట్టు అన్నీ తెచ్చిపెట్టేది. నోటు రాసిన బట్టలు కట్టుకుని నేను పీటల మీద కూర్చోలేనే. వేదం చదివిన నోటితో ఆ మంత్రాలు పలకలేను."

"కూర్చోకపోతే పిల్ల ఏమైపోతుందండీ? ఆ అబ్బాయి మొహం ఎలా చూస్తాం?"

అదే ఆయనకీ గుండెల్లో గుచ్చుకుంది. బట్టలు కట్టుకోనంటే అల్లుణ్ణి అవమానించినట్టు. కట్టుకుంటే అతని మెడకి మరో గుదిబండ తగిలించినట్టు. ముహూర్తం ఎదురుగా కూర్చుంది. ఆలోచించి ఆలోచించి, ఎవరికీ తెలియకుండా ఆ నోటు విడిపించి చింపి గోదావరిలో పారెయ్యడం ఒక్కటే దారి అని తేల్చుకున్నారు. వంటవాళ్ళకీ పందిరికీ అని దాచిన కొబ్బరి డబ్బు పైపంచె కొంగున ముడేసుకుని, దర్భలు తెస్తానని ఇంట్లో చెప్పి, తెల్లవారుతూనే రాజమండ్రి బస్సెక్కారు.

కొట్టు షావుకారు మంచివాడే. ముసలాయన్ని చూసి లేచి కుర్చీ వేయించాడు.

"మొన్న మా అల్లుడుగారు ఇక్కడ ఓ కాగితం రాసిచ్చేరు. అది విడిపించుకుందామని వచ్చేను" అన్నారు శరభయ్యగారు, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూస్తూ.

"బట్టల్లో ఏమైనా తేడా ఉందాండి?"

"బట్టలు బంగారంలా ఉన్నాయి బాబూ. నోటు సంగతే. అసలూ, ఈ నాలుగు రోజుల వడ్డీ ఎంతైతే అంతా పుచ్చుకుని కాగితం ఇప్పించండి." కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టారు.

షావుకారుకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకున్నాడు, అది అతని మర్యాద. "మాకు మీరివ్వాల్సిందేం లేదండి. ఆ కాగితం బ్యాంకుకి పంపేసేం. మా డబ్బు బ్యాంకువాళ్ళు మాకిచ్చేత్తారు. మీ అల్లుడుగారు బ్యాంకుకి కట్టుకుంటారు. అంతేనండి."

శరభయ్యగారి గుండెల్లో రాయి పడింది. నోటు అప్పుడే చేతులు మారిపోయింది! కోనసీమలో ఒకరి దగ్గర రాసిన నోటు ఇంకొకరికి దఖలు పరిచేశారంటే, ఇచ్చినవాడు ఇక వసూలు కాదని ఆశ వదిలేసుకున్నాడన్నమాట. "అంత నమ్మకం లేనివారు అసలెందుకిచ్చేరండీ!" అన్నారు. అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షావుకారు పాపం ఏదేదో చెప్పబోయాడు గానీ ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. డబ్బు మళ్ళీ కొంగున ముడేసుకుని బయటపడ్డారు.

ఇక మిగిలింది ఒకటే. తిన్నగా అమలాపురం పోయి త్రిమూర్తులు కొట్లో కూలబడ్డారు. షష్టిపూర్తి బట్టలు ఇంకెక్కడో కొన్నారని త్రిమూర్తులుకి అప్పటికే చేరింది. ముఖం ముడుచుకుని, పలకరింపు కూడా ముక్తసరిగా కానిచ్చాడు. "ఓ సాదా పంచెల చాపూ, మా ఆవిడకి ఓ నేత చీరా తియ్యవయ్యా, పీటల మీదకి" అని శరభయ్యగారు అనేసరికి అతని ముఖం చాటంత అయింది. ఎందుకని అడగలేదు. పసుపు రాసి మరీ మూట కట్టి ఇచ్చాడు.

ఆ మూట ఇంట్లో ఎవరి కంటా పడకుండా దాచాలనుకున్నారు గానీ, షష్టిపూర్తి ఇంట్లో దాపరికం ఎక్కడ సాగుతుంది? బియ్యం డబ్బా వెనకాల పెట్టిన మూట ఇందిర చేతికే దొరికింది.

"ఇవెవరికమ్మా?" అని విప్పి చూసింది. నాన్నగారు పీటల మీదకి త్రిమూర్తులు కొట్లో తెచ్చారని తల్లి చెప్పక తప్పలేదు. ఇందిర ఆ బట్టలు పట్టుకుని నేరుగా వీధి అరుగు మీదకి వచ్చేసింది. అక్కడ శరభయ్యగారు, షష్టిపూర్తికని వచ్చిన ఆయన అప్పగారు కామేశ్వరమ్మగారు, ఓ పక్కన పేపరు చూస్తూ రామమూర్తి ఉన్నారు.

"పీటల మీదకి త్రిమూర్తులు కొట్లో బట్టలు తెచ్చుకున్నారా నాన్నా? మేం పెట్టినవి మీకు పనికిరాలేదా?" అంది. అంటూనే ఏడ్చేసింది.

శరభయ్యగారు ఆ బట్టల వైపూ, అల్లుడి వైపూ చూశారు. అల్లుడు పేపరు దించి చూస్తున్నాడు. కూతురు ఏడుస్తోంది. ఇక దాచి లాభం లేదనిపించింది. "పనికిరాకపోవడవేవిటమ్మా. నోటు రాసిన బట్ట కట్టుకుని మంత్రం చెప్పలేక... విడిపిద్దామని రాజమండ్రి కూడా వెళ్ళేను. అది అప్పటికే చేతులు మారిపోయిందిట" అని మొత్తం కక్కేశారు.

ఇందిర ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నోరు తెరుచుకుని తండ్రి వైపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నోటేవిటి నాన్నా! అది కార్డు. క్రెడిట్ కార్డు. అందరికీ ఇవ్వరు తెలుసా, మంచి జీతం ఉన్నవాళ్ళకే బ్యాంకు ఇస్తుంది. కొన్నప్పుడు సంతకం, నెలాఖరుకి ఒకేసారి కట్టేస్తాం. ఆ సంతకం గౌరవం నాన్నా, గౌరవం!" కామేశ్వరమ్మగారు అంతకంటే గట్టిగా నవ్వింది. "ఒరేయ్ శరభా, గోదావరి దాటి వెళ్ళి లేని అప్పు తీర్చబోయేవుట్రా! నీలాంటి మావగారు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అంది. వంటింట్లోంచి బాలసరస్వతమ్మగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది. శరభయ్యగారికి సిగ్గు ముంచుకొచ్చింది. దాంతోపాటు పెద్ద బరువు దిగినట్టు కూడా అయింది. ఆయనా నవ్వేశారు.

నవ్వనిది రామమూర్తి ఒక్కడే. పేపరు మడిచి పక్కన పెట్టి, దొడ్లోకి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా శరభయ్యగారు మొక్కలకి నీళ్ళు పెడుతుంటే రామమూర్తి దగ్గరికి వచ్చాడు.

"మీరు పొరబడలేదు మావయ్యగారూ" అన్నాడు.

"అంటే?"

"నెలకి మొత్తం కట్టేస్తే అది ఇందిర చెప్పినట్టే. నేను మొత్తం కట్టి ఏడాది దాటింది. కొంచెం కడతాను, మిగతాది అలా ఉండిపోతుంది, దానికి వడ్డీ పడుతుంది. అది తగ్గేలోపు మళ్ళీ ఏదో కొంటాను. ఈ బట్టలతో కలిపి ఏడు వేలు దాటిందండి."

శరభయ్యగారు చెంబు కింద పెట్టారు. "వడ్డీ ఎంత అల్లుడుగారూ?"

"నూటికి రెండున్నర."

"నెలకే? మా ఊళ్ళో వడ్డీలకిచ్చే సత్తిరాజు కూడా రెండే కదండీ పుచ్చుకుంటాడు! వాడు వీధిలో కనిపిస్తే ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది." తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "ఇందిరకి తెలుసునా?"

"తెలీదండి." రామమూర్తి కొబ్బరిమొక్క ఆకు చీలుస్తూ, తలెత్తకుండా చెప్పాడు. "తమ్ముడి ఫీజు, చెల్లెలి పురుడు, ఇంట్లో ఫ్రిజ్జు. జేబులో డబ్బు లేకపోతే లేదని చెప్పేవాణ్ణేనండి. కార్డు ఉన్నవాడు లేదని ఎలా చెబుతాడు? నేను ఎవరికి ఏం పెట్టానో అందరికీ తెలుసు. నాకెంత బాకీ ఉందో అడిగినవాళ్ళు లేరు. ఇందాక అందరూ నవ్వుతుంటే..." చీల్చిన ఆకు కింద పడేశాడు. "మా నాన్న పోయాక, నా అప్పు తీరుద్దామని డబ్బు పట్టుకుని బస్సెక్కిన మనిషి మీరొక్కరేనండి."

శరభయ్యగారు అల్లుణ్ణి తేరిపార చూశారు. ఇంత చదువుకుని, ఇంత సంపాదిస్తూ, ఈ కుర్రాడు ఎంత ఒంటరిగా ఉన్నాడు! త్రిమూర్తులుకి రెండు దింపుల పాటు డబ్బు పంపకపోతే మనిషిని పంపుతాడు. డబ్బు కోసం కాదు, ఒంట్లో బాగుందో లేదో కనుక్కురమ్మని. ఆ బ్యాంకువాళ్ళు వడ్డీ వేసుకుంటారు గానీ, ఏమయ్యా బాగున్నావా అని అడిగే దిక్కు లేదు. గుమస్తా ఎగవేసినవాళ్ళ పుస్తకం తిరగేస్తుంటే మెడ తుడుచుకున్నది ఉక్కబోతకి కాదని ఇప్పుడు తెలిసింది ఆయనకి.

కొంగు ముడి విప్పారు. "ఇది ఉంచండి. ముందు ఈ బట్టల బాకీ అయినా తీరుతుంది."

"వద్దు మావయ్యగారూ. అల్లుణ్ణి, మీ దగ్గర పుచ్చుకోకూడదు."

"పుచ్చుకోమనడం లేదు. అప్పిస్తున్నాను. ఉన్నప్పుడు ఇద్దురు గాని. వంటవాళ్ళకి దింపయ్యాక ఇస్తానంటే వాళ్ళేం కాదనరు."

"అయితే నోటు రాసిస్తానండి" అన్నాడు రామమూర్తి, అలవాటుకొద్దీ జేబులో పెన్ను తడుముకుంటూ.

"ఏవిటీ?" శరభయ్యగారు అంతెత్తున లేచారు. "నా దొడ్లో నిలబడి నాకు నోటు రాస్తారూ? నేనేమైనా సత్తిరాజుననుకున్నారా, బ్యాంకుననుకున్నారా? ఆ పెన్ను లోపల పెట్టండి ముందు!" అల్లుడు నాలిక కరుచుకున్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే రామమూర్తి కళ్ళు ఒత్తుకున్నాడు.

"కాకపోతే ఒక్క మాట" అన్నారు శరభయ్యగారు, నవ్వు సర్దుకున్నాక. "ఇందిరకి నేను చెప్పను. అది మీరే చెప్పాలి. దానికి కోపం వస్తుంది. రానివ్వండి."

మర్నాడు ముహూర్తం. తలంటుపోసుకుని వచ్చేసరికి బాలసరస్వతమ్మగారు రెండు మూటలూ మంచం మీద పెట్టి ఉంచింది. "ఏవి కట్టుకుందావండీ?"

"అల్లుడుగారు పెట్టినవే" అన్నారాయన. "త్రిమూర్తులువి భోజనాల వేళకి కట్టుకుందాం. వాడూ వస్తాడు, చూసి సంతోషిస్తాడు."

"అప్పు లేదని తేలిపోయిందిగా, ఇంకేం బెంగ" అని ఆవిడ మురిసిపోతూ చీర మడత విప్పింది. శరభయ్యగారు పంచెల చాపు అందుకున్నారు. అప్పు లేదనుకున్నప్పుడు కాదు, ఉందని రూఢిగా తెలిశాకే ఆ జరీ పంచె కట్టుకుంటున్నారు. కొన్నవాడు వచ్చి తన దగ్గర కష్టం చెప్పుకున్నాక ఆ బట్ట పరాయిది ఎలా అవుతుంది? కుచ్చెళ్ళు పోసుకుంటుంటే ఆయనకి ఏ సంకోచమూ కలగలేదు.

పందిట్లో మంత్రాలు మొదలయ్యాయి. పీటల మీద నుంచి చూస్తే, అరటిచెట్టు కట్టిన రాట పక్కన రామమూర్తి ఇందిరతో ఏదో చెబుతున్నాడు. ఇందిర ముఖంలో పెళ్ళికళ అంతా ఒక్కసారి ఆరిపోయింది. ఏదో అడిగింది. అతను తల వంచుకుని జవాబు చెప్పాడు. ఆమె విసురుగా రెండడుగులు పక్కకి వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. శరభయ్యగారు ఒక మంత్రం తప్పారు. అరవై ఏళ్ళలో ఆ నోట తప్పు దొర్లడం ఎవరూ వినలేదు. పురోహితుడు ఆశ్చర్యంగా చూసి తానే అందించాడు.

అక్షతలు వెయ్యడానికి అందరూ వరస కట్టారు. ఇందిర దగ్గరికొచ్చి తండ్రి చెవి దగ్గర వంగింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నాలుగేళ్ళుగా పక్కనే ఉన్నాను. నాతో ఒక్క మాట చెప్పలేదు నాన్నా. ముందు మీతో ఎలా చెప్పేరు?"

"నేను తీరుద్దామని వెళ్ళేను కదమ్మా" అన్నారు శరభయ్యగారు. "అందుకని చెప్పేరు."

ఇందిర గుప్పెట్లో అక్షతలతో అలాగే వంగి ఉండిపోయింది. వెనకనుంచి కామేశ్వరమ్మగారు త్వరగా కానిమ్మని కేకేసింది. ఇందిర వెనక్కి తిరిగి, రాట దగ్గరే నిలబడిపోయిన భర్తని చెయ్యి ఊపి పిలిచింది. అతను వచ్చేదాకా ఆగి, తన గుప్పెట్లో సగం అక్షతలు అతని చేతిలో పోసింది.